దేవుడి మీద కోపం

ప్రశ్న: మా తమ్ముడు హఠాత్తుగా చనిపోయి ఎనిమిది నెలలైంది. అప్పటి నుంచి ప్రార్థనకు కూర్చుంటే కోపమే వస్తోంది. ‘అంతా దైవేచ్ఛ’ అని బంధువులు, ‘నువ్వింకా కోపం దశ దాటలేదు’ అని స్నేహితురాలు అంటున్నారు. మొదట్లో రోజూ వచ్చినవారు ఇప్పుడు ఫోన్ కూడా చేయడం లేదు. నా విశ్వాసం పోయినట్టేనా?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: ముందు ఆ ‘దశ’ల సంగతి చూద్దాం. తిరస్కారం, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం అనే అయిదింటినీ మనోవైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో వివరించింది చావు దగ్గరపడిన రోగులతో మాట్లాడిన అనుభవంతో. అయినవారిని పోగొట్టుకున్నవారికి వాటిని అన్వయించడం తరువాత వచ్చింది. మీ దుఃఖం ఆ వరుసలోనే నడవాలన్న నియమం ఏమీ లేదు కనుక, ఒక మెట్టు దగ్గర ఆగిపోయానన్న బెంగ పెట్టుకోకండి.

విశ్వాసం విషయానికొస్తే, కోపం ఉందంటే ఆయనతో మీ మాట ఇంకా తెగలేదనే నాకు తోస్తోంది. గోల్కొండ చెరలో భద్రాచల రామదాసు తాను చేయించిన నగల ఖర్చు ఏకరువు పెట్టి మరీ రాముణ్ణి దెప్పిపొడిచాడు. దాన్ని భక్తి కాదని ఎవరూ అనలేదు. బైబిల్లోని యోబు బిడ్డలనూ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకుని, తాను పుట్టిన దినాన్నే శపించి, దేవుణ్ణి న్యాయం అడిగాడు. అతని ముగ్గురు మిత్రులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు పక్కనే నేలమీద మౌనంగా కూర్చున్నారు. అంతవరకు బాగానే ఉంది. నోరు విప్పాకే, నువ్వేదో పాపం చేసి ఉంటావని వాదనకు దిగారు. కథ చివర దేవుడు యోబును ప్రశ్నలతో నిలదీసినా, ఆయన ఆగ్రహం రగిలింది మాత్రం తన తరఫున వకాల్తా పుచ్చుకున్న ఆ మిత్రుల మీదే. ‘దైవేచ్ఛ’ అనేవారిలో చాలామందికి మీ కన్నీళ్ల ముందు ఊరికే కూర్చోవడం కష్టమై ఆ మాట వస్తుంది. వారికి జవాబు చెప్పే బాధ్యత మీది కాదు.

బిడ్డ శవాన్ని ఎత్తుకుని వచ్చిన కిసాగోతమిని, చావు ఎరుగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మని బుద్ధుడు పంపిన కథ మీరు వినే ఉంటారు. చావు అందరికీ తప్పదన్న నీతి కోసం దాన్ని చెబుతుంటారు. ఆ ఒక్క మాటే అయితే ఆయన కూర్చోబెట్టి బోధించవచ్చు, కానీ ఇల్లిల్లూ తిప్పాడు. గడప గడపకూ ఎవరో ఒకరు తమ పోయినవారిని తలుచుకుంటుంటే విన్నదామె. ఆమెకు ఊరట ఆ తిరగడంలోనే మొదలైందని నేననుకుంటాను.

రాకపోకలు మానేసినవారిలో కొందరు, తమ్ముడి పేరెత్తితే మీరు బాధపడతారని జంకుతూ ఉండవచ్చు. ఆ పేరు మీరే ముందు ఎత్తండి. ‘ఎవరూ రావడం లేదు’ అని అందరితో అనేకంటే, ఒక్కరిని ఎంచుకుని, ‘ఆదివారం సాయంత్రం ఓ గంట వచ్చి కూర్చో, తమ్ముడి గురించి మాట్లాడాలనుంది’ అని అడగండి.

ఒక జాగ్రత్త. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత కూడా ఉంది. ఆరు నెలలు దాటినా, మీ సమాజంలో మామూలుగా ఉండేదాన్ని మించి వేదన తీవ్రంగా సాగుతూ రోజువారీ పనులను దెబ్బతీస్తే దాన్ని అనుమానిస్తారు. కోపం ఒక్కటే ఉంటే అది జబ్బు కాదు. పనీ, మనుషులతో మెలగడమూ చేతకాకుండా పోతుంటే మాత్రం వైద్యులను కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు.

ప్రశ్న: నా సహోద్యోగి కొడుకు చనిపోయాడు. ఆయన భక్తుడు, నాకు దేవుడిపై నమ్మకం లేదు. ఏం మాట్లాడాలో తెలియక తప్పించుకు తిరుగుతున్నాను.
– ఒక పాఠకుడు

జవాబు: ‘మీ అబ్బాయి సంగతి తెలిసింది, ఏమనాలో తోచడం లేదు’ అంటే చాలు. ‘దేవుడు తీసుకెళ్లాడు’ అని ఆయన అంటే ఖండించకండి, లేని నమ్మకం నటించనూ వద్దు, వినండి. ‘ఏదైనా కావాలంటే చెప్పండి’ అనకండి, దుఃఖంలో ఉన్నవారు అడగరు. ఆయన ఈ వారం ఇవ్వవలసిన నివేదిక ఏదైనా ఉంటే మీరే పూర్తి చేస్తానని చెప్పి తీసుకోండి. అబ్బాయి పోయిన తేదీని వచ్చే ఏడాది క్యాలెండరులో గుర్తుపెట్టుకోండి, ఆ రోజు ఆయనకు ఫోన్ చేయవచ్చు.