క్యాప్షన్లు ముందురోజే పెట్టి చూడు

అమ్మాయ్,

మొన్న ఆదివారం మీ పెన్షనర్ల జూమ్ మీటింగులో గంటన్నర కూర్చున్నాను. నాకు అర్థమైంది చివర్లో అందరూ దణ్ణాలు పెట్టుకోవడం ఒక్కటే. "చెవి మిషను ఉందిగా పెద్దమ్మా" అన్నావు. మిషను చప్పుడు పెంచుతుంది తల్లీ, మాటను విడదీసి ఇవ్వదు. మీ విజయవాడలో ఎవరింట్లోనో వేసిన కుక్కరు విజిలు బ్రాడీపేటలో నా చెవిలో మోగింది.

ఈసారి క్యాప్షన్లు, అంటే మాట్లాడేది తెర మీద అక్షరాలుగా పడేవి, పెడతానన్నావు కాబట్టి రాస్తున్నాను. మీటింగు మొదలయ్యాక వెతుక్కోకు. ముందే జూమ్ వెబ్‌సైటులో నీ అకౌంటు తెరువు. సెట్టింగ్స్‌లో 'ఇన్ మీటింగ్ అడ్వాన్స్‌డ్' కింద ఆటోమేటెడ్ క్యాప్షన్స్ ఉంటుంది, అది ఆన్ చెయ్యి. అంతటితో అందరికీ కనబడిపోవు, ఎవరి తెర మీద వాళ్లు క్యాప్షన్స్ బటన్ నొక్కుకోవాలి. అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చని కూడా చెప్పు.

అసలు తిప్పలు భాషతో. మాట్లాడే భాష ఇంగ్లీషని ఉంచేసి తెలుగులో మాట్లాడితే అది విన్నదానికి ఇంగ్లీషు మాటలు అతికిస్తుంది. పోయినేడు ఒక మీటింగులో "ట్రెజరీకి వెళ్లాలి" అని ఎవరో అంటే నా తెర మీద 'ట్రెజరీ కీ వ్యాలీ' అని పడింది. నేను కాశ్మీరు టూరేమో అనుకుని ఎంత ఖర్చవుతుందని అడిగాను! అందుకని భాషల జాబితా తెరిచి, మీరు మాట్లాడేదే ఎంచుకో. అక్కడ కుదరకపోతే ఆండ్రాయిడ్ ఫోనులో గూగుల్ వాళ్ల లైవ్ ట్రాన్‌స్క్రైబ్ యాప్ పెట్టుకోమను. 2019లో వచ్చింది, విన్న తెలుగుని తెర మీద రాస్తుంది. నేను ఫోనుని కంప్యూటరు స్పీకరు పక్కన నిలబెట్టి చదువుకుంటాను.

ఏది పెట్టినా ఇద్దరు ఒకేసారి మాట్లాడితే కిచిడీయే. నోరు విప్పేముందు పేరు చెప్పమను, మిగతావాళ్ల మైకులు ఆపించు. అంకెల్ని మాత్రం క్యాప్షన్ల మిషనుకి వదలకు. ఫిఫ్టీన్‌కీ ఫిఫ్టీకీ తేడా వినడంలో అది నాకంటే గొప్పదేం కాదు. డీఏ (కరువు భత్యం) శాతాలు, తేదీలు, పేర్లు ఎవరో ఒకరు చాట్‌లో టైపు చెయ్యాలి. తెలుగు టైపింగు చురుగ్గా వచ్చినవాళ్లుంటే జూమ్‌లో మాన్యువల్ క్యాప్షన్స్ ఆన్ చేసి ఆ పని వాళ్లకే అప్పగించొచ్చు. కానీ గంటసేపు ఒక్కరితో టైపు చేయించకు, వేళ్లు పడిపోతాయి.

ఇంకొకటి. "వినబడనివాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని మాత్రం అడగొద్దు. ఒక్కరూ చెయ్యెత్తరు. నేనే నాలుగేళ్లు తల ఊపుతూ నెట్టుకొచ్చాను, మీ పెదనాన్నకి కూడా తెలియనివ్వలేదు. మొదట్లోనే "క్యాప్షన్లు ఉన్నాయి, ఇదిగో బటన్ ఇక్కడ" అని అందరికీ కలిపి చూపించు. కావలసినవాళ్లు గుట్టుగా నొక్కుకుంటారు.

శనివారం సాయంత్రం 6 గంటలకి లింకు పంపు. నేనూ, పై వాటాలో మాస్టారూ చేరతాం. ఆయన ఫోనులో, నేను కంప్యూటరులో. నువ్వు ఒక పది నిమిషాలు మామూలుగా మాట్లాడు, నా కోసం గొంతు పెంచకు. మాకు తెర మీద ఏం పడిందో ఉన్నదున్నట్టు చదివి వినిపిస్తాం.

మీ పెద్దమ్మ