మంచం దిగలేని అమ్మకు ముందు నీటిగుంట కెమెరా చూపించండి

మీ అమ్మగారు తుంటి ఎముక విరిగి 3 నెలలుగా మంచం మీదే ఉన్నారని, పక్షులన్నా జంతువులన్నా ఆవిడకు ప్రాణమని రాశారు. ఇంట్లోంచే చూడగలిగే లైవ్ కెమెరాలు ఏవి, గుంటూరు దగ్గర పక్షులు గూళ్లు కట్టే ఉప్పలపాడు చెరువులో మీరు తీసే వీడియోలు నెట్‌లో పెట్టొచ్చా అని అడిగారు. మేముండేది గుంటూరు బ్రాడీపేటలో. మా అత్తయ్యకు పక్షవాతం వచ్చి కుడి కాలూ చెయ్యీ పడిపోయాక రెండేళ్లుగా నేను ఇవే వెతికి పెడుతున్నాను. చూసింది చూసినట్టు చెబుతాను.

ముందు నమీబియా ఎడారిలో నీటిగుంట దగ్గరున్న కెమెరా పెట్టండి. యూట్యూబ్‌లో నమీబ్ డెజర్ట్ లైవ్ అని కొడితే వస్తుంది. అక్కడి టైము మనకంటే మూడున్నర గంటలు వెనక. మనం భోజనాలయ్యాక రాత్రి 9.30కి టీవీ పెడితే అక్కడ సాయంత్రం 6. ఎండ తగ్గి జంతువులు నీళ్లకు వచ్చే వేళ. మొదటి రోజు ఇరవై నిమిషాలు ఇసుకా నీళ్లూ తప్ప ఏమీ కనబడలేదు. ఛానల్ మార్చబోతే అత్తయ్య ఎడం చేత్తో వద్దని సైగ చేశారు. కాసేపటికి ఒరిక్స్ అనే పెద్ద జింకలాంటి జంతువు ఒకటి వచ్చింది. చర్నాకోల కర్రల్లా నిటారుగా కొమ్ములు, నలుపూ తెలుపూ కలిసిన మొహం. నీళ్లకు నాలుగడుగుల దూరంలో ఆగింది. ఒక చెవి ఇటు, ఒక చెవి అటు తిప్పింది. చాలాసేపు అలాగే నిలబడి అప్పుడు మెడ దించింది. "మన గేదె కూడా కొత్త చెరువులో ఇట్టాగే తాగేది అమ్మాయ్" అన్నారు. జబ్బు చేశాక ఆవిడ నోట అంత మాట ఒక్కసారిగా రావడం నేను విన్నది ఆ రోజే.

చీకటి పడ్డాక బొమ్మ నలుపు తెలుపులోకి మారుతుంది. టీవీ పాడైందనుకోకండి. జంతువుల్ని బెదరగొట్టకుండా, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో తీస్తారు. నిద్ర పట్టి ఏదైనా చూడలేకపోతే పొద్దున్నే వెనక్కి జరిపి చూపించొచ్చు.

ఉదయం పూటకు అలాస్కా ఎలుగుబంట్లు బాగుంటాయి. కాట్మై నేషనల్ పార్కులో బ్రూక్స్ జలపాతం దగ్గర ఎక్స్‌ప్లోర్ డాట్ ఆర్గ్ వాళ్ల కెమెరాలు 2012 నుంచి ఉన్నాయి. జులైలో చూడాలి, సాల్మన్ చేపలు జలపాతం మీదికి ఎగురుతుంటే ఎలుగులు నోటితోనే పట్టేస్తాయి. మనకు ఉదయం 7.30 అయితే అక్కడ ముందురోజు సాయంత్రం 6. ఎలుగులకు నంబర్లుంటాయి. 480 నంబరు ఓటిస్ అనే ముసలి ఎలుగు అత్తయ్యకు ఇష్టం. పళ్లు పోయినా, వయసులో ఉన్నవాటితో కలబడకుండా ఒకచోట నిలబడి చేప వచ్చేదాకా ఓపిగ్గా ఆగేది. చలికాలపు నిద్రకు ముందు ఏది బాగా ఒళ్లు చేసిందో జనం ఓట్లేసి తేల్చే పోటీలో 2014, 2016, 2017, 2021లో అదే గెలిచింది. మేము దాన్ని పాత వీడియోల్లోనే చూస్తాం.

ఇక మీరు తీసే వీడియోల సంగతి. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. మా బాల్కనీలో బట్టలారేసే తీగకు తేనెపిట్ట గూడు కట్టింది. సాలెగూళ్లు, ఎండుటాకుల పొట్టు కలిపి అల్లిన చిన్న సంచీ, పక్కన వాకిలి, దాని మీద చూరు. అత్తయ్యకు చూపిద్దామని ఫోన్‌ని గూటికి జానెడు దూరంలో కట్టాను. తల్లి పిట్ట ఎదురుగా గ్రిల్ మీద వాలి, అరిచి, వెళ్లిపోయింది. సాయంత్రం ఫోన్ తీసేశాను. మళ్లీ రాలేదు. లోపల 2 గుడ్లు చల్లబడిపోయి ఉన్నాయి. ఆ సంగతి అత్తయ్యకు చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

మరుసటి ఏడాది మళ్లీ కట్టింది. ఈసారి పాత ఫోన్‌ని గది లోపలే, కిటికీ అద్దం వెనక, కర్టెన్ చాటున పెట్టి, అక్కణ్నుంచి టీవీకి కలిపాను. గూడు చిన్నగా కనబడేది, అయినా చాలు. సుమారు రెండు వారాలు పొదిగింది ఆడపిట్టే. పిల్లలయ్యాక మగది కూడా పురుగులు తెచ్చింది. అవి ఎగిరిపోయే దాకా బట్టలు మేడ మీదే ఆరేశాం. ఆ వీడియో నెట్‌లో పెట్టాను కూడా.

ఉప్పలపాడు అందరికీ తెలిసిన చోటు, పేరు రాసి పెట్టినా ఇబ్బంది లేదు. కానీ పొలం గట్టున నక్షత్ర తాబేలో, ఎక్కడో గుడ్లగూబ గూడో కనబడితే ఊరి పేరు రాయకండి. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆపేసి తీయండి. ఆ తాబేళ్లను పట్టి అమ్మేవాళ్లున్నారు, వాళ్లూ వీడియోలు చూస్తారు. చక్కిలిగిలి పెడితే చేతులెత్తే స్లో లోరిస్ వీడియో మీకూ వచ్చే ఉంటుంది. మన అడవుల్లోని దేవాంగపిల్లికి చుట్టం అది. భయపడి, మోచేతి దగ్గరున్న విషగ్రంథి బయటపడేలా చేతులెత్తుతుంది, ముచ్చటపడి కాదు. అలాంటివి అమ్మగారికి చూపించకండి, ఎవరికీ పంపకండి.

ఉప్పలపాడుకు పొద్దున్నే వెళ్లండి. గట్టు మీదే నిలబడి, ఫోన్‌ని ట్రైపాడ్‌కి బిగించి, ఒకే గూటి మీద పది నిమిషాలు కదపకుండా తీయండి. పెలికాన్ పిల్ల, అదే మన గూడబాతు పిల్ల, తల్లి గొంతు సంచీలోకి తలంతా దూర్చి చేపలు తింటుంది. ఎండెక్కాక కొంగలు రెక్కలు విప్పి పిల్లలకు నీడ పడతాయి. వీడియోకి పాట తగిలించకండి. పిల్లల రొదా, కొంగల ముక్కుల టకటకా ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. నేను తెచ్చిన దాన్ని అత్తయ్య మొదటిసారి చూడనేలేదు, కళ్లు మూసుకొని చివరిదాకా విన్నారు.