దూడ పోయిన గేదె చేపాలంటే... (పాడి ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: మాది ఆచంట దగ్గర పల్లె. ముర్రా గేదె, రెండో ఈత. పదకొండో రోజున దూడ చచ్చిపోయింది. పూటకు నాలుగు లీటర్లిచ్చేది ఇప్పుడు అర లీటరు కూడా ఇవ్వట్లేదు. చేపడానికి ఆక్సిటోసిన్ సూది వేయించమంటున్నారు. వేయించొచ్చా?

జవాబు: వద్దండి. పాలు ఎండిపోలేదు, పొదుగులోనే ఉన్నాయి. గేదెకు చన్నుల పైనుండే పాల తొట్టి చాలా చిన్నది. నూటికి 95 పాళ్ల పాలు పైన గ్రంథుల్లోనే నిలిచి ఉంటాయి. దూడ మూతి తగిలితే, వాసన తెలిస్తే ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి దిగి ఆ గ్రంథుల్ని పిండుతుంది. అదే చేపు. ఇప్పుడు దానికి ఆ పిలుపు లేదు. కొట్టినా, కాళ్లు బంధించి లాగినా బెదురుకు పుట్టే అడ్రినలిన్ రాబోయే చేపును కూడా ఆపేస్తుంది.

పితికే మనిషి, వేళ, చోటు మార్చకండి. దాణాలో సగం ఆపి పితికేటప్పుడే ముందు పెట్టండి. గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, అరచేత్తో రెండు మూడు నిమిషాలు నిమరండి. ఆవు నిమిషంలో చేపితే గేదెకు రెండు నిమిషాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఓపిక పట్టలేక చాలామంది ఇక్కడే చెడగొడతారు. చన్నులు బిగిసి నున్నగా మెరిస్తే చేపినట్టే. ఇక ఆరేడు నిమిషాల్లో పితికెయ్యాలి, ఆ హార్మోను పట్టు అంతసేపే. పాలు రోజూ లోపలే మిగిలిపోతుంటే గ్రంథులు పాలు తయారుచేయడం తగ్గిస్తాయి, పొదుగువాపు కూడా రావచ్చు.

ఇంకో దూడను అలవాటు చేయొచ్చు గానీ మీ గేదెకు ఆ అదను దాటింది. ఈనిన మొదటి కొద్ది గంటల్లో నాకుతూనే తల్లి తన బిడ్డ వాసన పట్టేస్తుంది. పరాయి దూడను వదిలితే మెడ తిప్పి, తోక మొదట్లో మూతి పెట్టి చూసి, తనది కాదనుకుంటే తంతుంది. అయినా ప్రయత్నిస్తామంటే దూడ వీపు మీద తవుడు, కాస్త ఉప్పు చల్లి తల దగ్గర నిలబెట్టండి. నాకడం మొదలెడితే సగం పని అయినట్టు. నాలుగైదు రోజులకూ దగ్గరకు రానివ్వకపోతే వదిలెయ్యండి. దూడ తోలులో గడ్డి కుక్కి పెట్టే పాత పద్ధతి పచ్చి వాసన ఉన్నంతవరకే. తర్వాత మిగిలేది కంపు, ఈగలు.

సూది రోజూ పడితే అది లేనిదే చేపని పశువవుతుంది. పాల కోసం పశువుకు హాని చేసే సూదులు వేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షన్ కింద నేరం కూడా.

ప్రశ్న: కొత్త పడ్డను కొన్నాం. లంకకు తోలితే మా నాటు గేదెలు పొడిచి దూరంగా తరుముతున్నాయి. (కోనసీమ నుంచి)

జవాబు: ఎవరు పెద్దో తేలేదాకా కుమ్ములాట తప్పదు, వారం పది రోజుల్లో సర్దుకుంటాయి. అయినా కొన్న రోజే కలపడం పొరపాటు. గాలికుంటులాంటివి బయటపడటానికి నెల రోజులు విడిగా ఉంచాలి. చివరి వారం ఒకదానికొకటి కనబడేలా కట్టండి. తర్వాత మందలో సాధువైన ఒక గేదె పక్కన కట్టి, ఆ రెంటినీ కలిపి తోలండి. మెడలు నాక్కోవడం కనిపిస్తే జత కుదిరినట్టే, ఆ పక్కపక్క కట్లు మార్చొద్దు. గొడవంతా మేత దగ్గరే కాబట్టి గడ్డి ఒకచోట కాక నాలుగు చోట్ల వెయ్యండి. ముర్రా చుట్టుకొమ్ములకంటే నాటు గేదెల కొమ్ములు ప్రమాదం, డొక్కలో దిగుతాయి. ఒక్కటే పనిగట్టుకుని తరుముతుంటే దాని మెడకు గుదికర్ర (మెడ నుంచి వేలాడే బరువైన కర్ర) వెయ్యండి.

ప్రశ్న: ఏడాదిన్నర ఒంగోలు పెయ్యను తల్లితో మేపుకి వదిలితే మళ్లీ పాలు తాగుతోంది. తల్లికి బిడ్డ ఇంకా గుర్తుంటుందా?

జవాబు: కలిసి పెరిగితే ఏళ్ల తరబడి ఉంటుంది. తర్వాతి దూడ పుట్టినా తల్లి పెద్ద కూతుర్ని నాకుతుంది, పక్కనే మేస్తుంది. పాలు మాన్పించడానికి పెయ్య మూతికి ముళ్ల చిక్కం కట్టండి. ముల్లు గుచ్చుకుంటే తల్లే తన్నేస్తుంది. తల్లి మళ్లీ సూడిదైతే ఈనడానికి రెండు నెలల ముందే పెయ్యను వేరే చోట కట్టాలి, లేకపోతే పుట్టే దూడకు దక్కాల్సిన ముర్రుపాలు ఇది తాగేస్తుంది.