పాఠకుల ప్రశ్నలు – జవాబులు: నకటోమి ప్లాజా, ఆఫీసు అద్దాలు

ప్ర: ‘డై హార్డ్’ సినిమాలో దొంగలు పట్టుకునే నకటోమి ప్లాజా నిజంగా ఉందా? లాస్ ఏంజెలెస్ వెళ్తే చూడొచ్చా?
– కరీంనగర్ పాఠకురాలు

జ: ఉంది. అసలు పేరు ఫాక్స్ ప్లాజా. సెంచరీ సిటీలో, అవెన్యూ ఆఫ్ ద స్టార్స్ మీద, ఫాక్స్ స్టూడియో పక్కనే. 35 అంతస్తులు, 150 మీటర్ల ఎత్తు. లోపలివన్నీ అద్దె ఆఫీసులు కాబట్టి పైకి వెళ్లాలనే ఆశ పెట్టుకోకండి, కాలిబాట మీంచి చూడటమే. పదవి దిగాక అమెరికా మాజీ అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ ఆఫీసు కూడా ఇందులోనే ఉండేది.

ప్ర: మొత్తం అక్కడే తీశారా? అన్ని పేలుళ్లకు భవనం దెబ్బతినలేదా?
– విజయనగరం పాఠకుడు

జ: కట్టడం 1987లో పూర్తయింది, షూటింగ్ ఆ నవంబరులో మొదలైంది. కొన్ని అంతస్తులు ఇంకా తయారుకాలేదు. సినిమాలో కనిపించే అరకొర గోడలు, బయటపడ్డ గొట్టాలు అలా దొరికినవే. పార్టీ జరిగే 30వ అంతస్తు మాత్రం స్టూడియోలో వేసిన సెట్. కిటికీల అవతల కనిపించే నగరం నిజానికి నగరం బొమ్మ ఉన్న 380 అడుగుల పొడవైన తెర. దాని మీద దీపాలు కదిలిస్తే ట్రాఫిక్ నడుస్తున్నట్టుండేది, పగలూ రాత్రీ మార్చగలిగేవారు. ఈ సినిమాలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించే పనితనం ఆ తెరే.

పేలుడుకు భవనం చుట్టూ వందల ఫ్లాష్ బల్బులు అమర్చి, వరసగా వెలిగేలా వైర్లు కలిపారు. విడిగా తీసిన మంటలను తర్వాత ఆ దృశ్యంలో కలిపారు. విలన్ పడిపోయే షాట్‌ను సెకనుకు 270 ఫ్రేముల వేగంతో తీశారు (మామూలుగా 24, అందుకే తెర మీద స్లో మోషన్‌లో కనిపిస్తుంది). అంత వేగంగా కిందికి జారే ముఖాన్ని చేత్తో ఫోకస్‌లో ఉంచలేరు, అందుకే లెన్సును కంప్యూటరుతో నడిపారు.

ప్ర: హైదరాబాద్‌లో ఒక ఆఫీసు అంతస్తును రాత్రికి మా షార్ట్ ఫిల్మ్‌కు ఇస్తామన్నారు. ఏం చూసుకోవాలి?
– గచ్చిబౌలి పాఠకుడు

జ: ముందు అద్దాలు. రాత్రి లోపల లైట్లుంటే బయటి నగరం కనిపించదు, మీ యూనిట్టే కనిపిస్తుంది. పోలరైజర్ (ప్రతిబింబాలను తగ్గించే ఫిల్టర్) పెడితే సరిపోతుందనుకుంటారు. కెమెరా అద్దానికి ఏటవాలుగా ఉంటేనే అది పనిచేస్తుంది, ఎదురుగా నిలబడితే దాదాపు ఏమీ చేయదు, పైగా వెలుతురు ఒకటిన్నర స్టాపు తింటుంది, అంటే దాదాపు మూడో వంతే మిగులుతుంది. ఎదురుగా తీయాల్సివస్తే కెమెరా వెనక లైట్లు ఆర్పి, నల్లగుడ్డ కట్టి, లెన్సు పట్టేంత రంధ్రం వదలండి. ఇంకా మంచిది, సూర్యుడు అస్తమించాక ఆకాశం నీలంగా ఉండే ఇరవై నిమిషాలకు ఆ షాట్లు దాచుకోండి.

ట్యూబులైట్లు మినుకుమంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 24 ఫ్రేముల్లో షట్టర్ 172.8 డిగ్రీలు పెట్టండి, అంటే ఒక్కో ఫ్రేముకు సెకనులో యాభయ్యో వంతు వెలుగు పడుతుంది. ఎల్‌ఈడీలను డిమ్ చేస్తే చారలు రావచ్చు, పూర్తి వెలుగులోనే ఉంచి, ముందు రోజే తీసి చూసుకోండి.

లైట్లను యూపీఎస్ సాకెట్లలో గుచ్చొద్దు, ఆఫీసు సర్వర్లు ఆగిపోవచ్చు. ఒక 16 ఆంపియర్ల సాకెట్ మీద మూడు కిలోవాట్లు దాటకండి. పొగ వాడితే మీ అంతస్తు స్మోక్ డిటెక్టర్లను ఫైర్ ప్యానెల్ (భవనం అలారాలన్నిటినీ నడిపే పెట్టె) దగ్గర ఆపించాలి, ఏసీ కూడా. లేకపోతే డక్టుల్లోంచి పొగ పై అంతస్తుకు చేరి అక్కడ అలారం మోగుతుంది. ఆపి ఉన్నంతసేపూ ఒక మనిషిని అగ్నిమాపక సిలిండరుతో నిలబెట్టి, పేకప్ అవగానే డిటెక్టర్లను మళ్లీ కలిపించి, ప్యానెల్ దగ్గరి ఉద్యోగితో సంతకం తీసుకోండి.