క్రూగర్‌రాండ్ 33.93 గ్రాములు తూగితే నకిలీయేనా?

"నాణెం మీద 1 ఔన్స్ ఫైన్ గోల్డ్ అని ఉంది. ఔన్స్ అంటే 31.1 గ్రాములు కదా, కాటా 33.93 చూపిస్తోందేం? నకిలీయా? ఎంతకు అమ్మొచ్చు?" అని అడిగారు.

అంతే తూగాలి. 31.1 తూగి ఉంటే అప్పుడు కంగారుపడాలి. దక్షిణాఫ్రికా 1967 నుంచి ముద్రిస్తున్న ఈ నాణెం 22 క్యారెట్లది. అందులో మేలిమి బంగారం 31.1035 గ్రాములు, మిగతా 2.83 గ్రాములు రాగి. రంగు కాస్త ఎర్రగా ఉండేది అందుకే. కెనడా బంగారు నాణెం మేపుల్ లీఫ్‌లో రాగి ఉండదు, కాబట్టి అది 31.1 దగ్గరే తూగుతుంది.

అయితే తూకం ఒక్కటే సరిపోయిందని సంబరపడొద్దు. తూకం, వ్యాసం, మందం మూడూ ఒకేసారి కలవాలి. వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిస్తే వ్యాసం 32.7, మందం 2.8 మిల్లీమీటర్ల దగ్గర రావాలి. ఇత్తడితోనో సీసంతోనో చేసి అంత బరువు తేవాలంటే నాణెం లావెక్కక తప్పదు.

తర్వాత నీళ్ల పరీక్ష. 0.01 గ్రాము చూపే కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, అడుగుకు, గోడకు తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి. కాటా 1.94 దగ్గర ఆగాలి. 33.93ని దానితో భాగిస్తే 17.5 వస్తుంది, అది 22 క్యారెట్ల సాంద్రత. అంకె పెద్దదిగా వస్తే ముందు గాలి బుడగలు అంటుకున్నాయేమో చూడండి. నీళ్లలో ఒక చుక్క సబ్బు వేస్తే పోతాయి. అడుగుకు తగిలితే మాత్రం ఆ అంకెకు అర్థమే లేదు. 7.988 గ్రాముల బ్రిటిష్ బంగారు నాణెం సావరిన్‌కు ఈ కాటా చాలదు, 0.001 చూపేది కావాలి. అక్కడ 0.45కూ 0.46కూ తేడా సాంద్రతను 17.8 నుంచి 17.4కు దించేస్తుంది.

అయస్కాంతానికి అంటుకోలేదు కాబట్టి అసలుదే అనే సలహా ఎక్కడ చూసినా కనిపిస్తుంది. రాగీ అంటుకోదు, సీసమూ అంటుకోదు. గీటురాయి ఇంకా ఘోరం: నాణెం మీద గీత మిగులుతుంది, తెలిసేది పైపొర సంగతే. ఎక్స్‌రే యంత్రం చూసేదీ పైపొరనే. బంగారు పూత కింద టంగ్‌స్టన్ ఉంటుందనే అనుమానం 24 క్యారెట్ల నాణేల దగ్గర ఎక్కువ, ఎందుకంటే దాని సాంద్రత 19.25, బంగారానిది 19.3. అక్కడ నీళ్ల పరీక్ష ఓడిపోతుంది. విద్యుత్ వాహకత కొలిచే పరికరమో అల్ట్రాసౌండో కావాలి.

ఇక ధర. 24 క్యారెట్ల గ్రాము ధరను 31.1035తో గుణించండి, లేదా 22 క్యారెట్ల ధరను 33.93తో. ఈ జతలు తారుమారు కానివ్వొద్దు. 24 ధరను 33.93తో గుణించి ఆశపడేది అమ్మేవాళ్లు. 22 ధరను 31.1తో గుణించేది కొనేవాళ్లు; అంటే రాగిని రెండుసార్లు తీసేసి ఎనిమిది శాతానికి పైగా కోసేసినట్టు. బేరం మొదలుకాకముందే ఏ ధర, ఏ తూకం అని అడగండి.

మెరుపు కోసం తోమొద్దు. అమ్మేముందు అంచు మీది గాట్లు లెక్కపెట్టండి: మామూలు క్రూగర్‌రాండ్‌కు 160, సేకర్తల కోసం ప్రత్యేకంగా ముద్రించే ప్రూఫ్ నాణేనికి 220. 220 ఉంటే బంగారం లెక్కన ఇచ్చేయకుండా ముందు నాణేల సేకర్తలకు చూపించండి.