ఇసుక దీవి తీరం ఒక కొసన కోతకు గురవుతూ మరో కొసన ఎందుకు పెరుగుతుంది?

అలలు తీరాన్ని ఏటవాలుగా తాకడమే ఇందుకు ప్రధాన కారణం. అల ఇసుక రేణువును వాలుగా పైకి నెట్టి, వెనక్కి మళ్లేటప్పుడు నేరుగా కిందికి లాగుతుంది కాబట్టి, ఆ రేణువు రంపపు పళ్ల వంటి దారిలో తీరం వెంబడి పక్కకు జరుగుతూ పోతుంది. వచ్చే ఇసుక కంటే పోయేది ఎక్కువైన చోట ఒడ్డు నిలువుగా తెగి చెట్ల వేళ్లు బయటపడతాయి; అలల జోరు తగ్గే కొసన ఇసుక మేట వేసి నాలుకలా సాగుతుంది.

ఒక్క తుఫాను కోతను చూసి తీరం పోయిందనుకోవడం తొందరపాటే, ఎందుకంటే సముద్రం లోపలికి కొట్టుకుపోయిన ఇసుకలో చాలా భాగాన్ని ప్రశాంతమైన అలలు నెలల తరబడి తిరిగి ఒడ్డుకు చేరుస్తాయి. దీర్ఘకాలిక మార్పు తేలాలంటే, 1972లో మొదలైన ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాల్లో ఒకే రుతువుకు చెందినవాటిని దశాబ్దాల పొడవునా పోల్చాలి. తీరానికి అడ్డంగా, సముద్రంలోకి సాగేలా గోడ కడితే ఒకవైపు ఇసుక నిలుస్తుంది గానీ, అవతలివైపు కోత మరింత ముదురుతుంది.