పెరిగేకొద్దీ పెరుగుతుందా?

సందేహం: డిగ్రీ రసాయనశాస్త్ర పాఠాన్ని తెలుగు చేస్తున్నాం. "వాయుస్థితిలో క్షారలోహాలకూ హాలైడ్లకూ మధ్య అభిఘాత శక్తి పెరిగేకొద్దీ చర్య పెరుగుతుంది" అని రాశాను. "పెరిగేకొద్దీ" కాదు, "పెరిగితే" అనాలని నా సహ అనువాదకుడి వాదన. ఏది సరి? ఆ తర్వాతి వాక్యం: "పొటాషియం అణువు 0.18 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో మిథైల్ అయొడైడ్‌ను తాడనం చేస్తుంది." ఇది బాగుందా?

సమాధానం: వ్యాకరణం మటుకు రెండు రూపాలూ నిర్దుష్టమే. పేచీ అర్థంతో. క్రియ మీద "కొద్దీ" చేరితే రెండు మార్పులు ఎక్కడా తెగకుండా జంటగా సాగుతాయని చెప్పినట్టు. "తవ్వేకొద్దీ నీరు ఊరింది" అంటే మధ్యలో ఎక్కడో తగ్గిందన్న ఊహకు చోటు లేదు. (నామవాచకం మీద చేరినప్పటి సంగతి వేరు: "శక్తి కొద్దీ" అంటే ఓపిక మేరకు అని.) "పెరిగితే" అంత దూరం పోదు గానీ, తగ్గుదలను అదీ చెప్పదు.

మీ జంటలో తగ్గుదల ఉంది. పొటాషియం, మిథైల్ అయొడైడ్ చర్యలో మధ్యచ్ఛేదం (ఢీకొన్నప్పుడు చర్య జరిగే అవకాశానికి కొలత) అభిఘాత శక్తి, అంటే ఢీకొనే శక్తి, సుమారు 0.18 ఎలక్ట్రాన్ వోల్టులకు చేరేదాకా పెరిగి, ఆ పైన తగ్గుముఖం పడుతుంది. కాబట్టి ఇలా రాయండి: "అభిఘాత శక్తి 0.18 ఎలక్ట్రాన్ వోల్టులకు చేరేవరకు చర్యా మధ్యచ్ఛేదం పెరుగుతుంది. ఆ తర్వాత శక్తి పెరిగినా అది తగ్గుతుంది." ఒట్టి "చర్య పెరుగుతుంది" చాలదు. రేటు అంటే మధ్యచ్ఛేదాన్ని సాపేక్ష వేగంతో గుణించినది. మధ్యచ్ఛేదం కాస్త తగ్గినా రేటు తగ్గకపోవచ్చు.

"హాలైడ్లకూ" అని బహువచనంలో అందరినీ ఒక గాటన కట్టడమూ ప్రమాదమే. పొటాషియం, హైడ్రోజన్ క్లోరైడ్ చర్యలో హైడ్రోజన్ క్లోరైడ్‌కు లోపలి కంపనంగా శక్తినిచ్చి తొలి కంపన స్థాయికి లేపితే చర్య రమారమి వంద రెట్లవుతుంది. అంతే శక్తిని అభిఘాతం ద్వారా ఇస్తే ఆ ఫలితం రాదు. అందుకే "అభిఘాత" అన్న విశేషణాన్ని ఏ వాక్యంలోనూ వదలకండి. హాలైడ్ బదులు బ్రోమిన్ అణువే ఎదురైతే పొటాషియం ఎలక్ట్రాన్ దూరం నుంచే దాని మీదికి దూకుతుంది. అక్కడ ఆకర్షణకు బాగా లొంగేవి నిదానంగా, అంటే తక్కువ అభిఘాత శక్తితో, వచ్చే జంటలే. శక్తి 2 ఎలక్ట్రాన్ వోల్టుల చేరువకు వచ్చేసరికి విడి అయాన్లు కూడా పుట్టడం మొదలవుతుంది.

ఇక రెండో వాక్యం. "పొటాషియం అణువు" కాదు, పరమాణువు. అంతకంటే పెద్ద లోపం, 0.18ని పొటాషియం ఖాతాలో వేయడం. లంబంగా కలిసే రెండు కణ పుంజాలలో పొటాషియం వేగం సెకనుకు 900 మీటర్లు, మిథైల్ అయొడైడ్‌ది 570 మీటర్లు అనుకోండి. సాపేక్ష వేగం 1,065 మీటర్లవుతుంది. రెండింటి గతిశక్తులు కూడితే దాదాపు 0.40 ఎలక్ట్రాన్ వోల్టులు. అందులో చర్యకు దక్కేది 0.18 మాత్రమే; మిగతాది ద్రవ్యరాశి కేంద్రం కదలికలో పోతుంది. ఆ 0.18 ఏ ఒక్కరిదీ కాదు, జంటది.

తాడనంలో ఒకటి కొడుతుంది, రెండోది దెబ్బ తింటుంది. కదలని లక్ష్యం మీదికి కణాలను వదిలే చోట ఆ మాట సరిపోతుంది. ఇక్కడ రెండూ కదులుతున్నాయి గనుక పాఠ్యపుస్తకాల్లో అలవాటైన అభిఘాతమే ఉంచండి. క్రియ కావాలంటే, "పొటాషియం పరమాణువు, మిథైల్ అయొడైడ్ అణువు 0.18 ఎలక్ట్రాన్ వోల్టుల అభిఘాత శక్తితో ఢీకొన్నప్పుడు" అని రెండింటినీ కర్తలుగా పెట్టి రాయండి.